ఇంటర్వ్యూలో ‘మేము’ అంటే చాలదు

పని బాగా తెలిసిన యువకులు కూడా పెద్ద కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం మనం చూస్తూనే ఉన్నాం. చాలా సందర్భాల్లో లోపం పనితనంలో ఉండదు, చేసిన పనిని చెప్పుకోవడంలో ఉంటుంది. అమెజాన్ సంస్థలో ఆపరేషన్స్ మేనేజర్ ఉద్యోగానికి జరిగే ఇంటర్వ్యూను పరిశీలిస్తే ఈ విషయం బాగా బోధపడుతుంది.

1994లో అమెరికాలో పుట్టిన ఈ సంస్థ మొదట పుస్తకాలు అమ్మేది. 2013లో మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది, 2019లో హైదరాబాదులో సొంత ప్రాంగణం కట్టుకుంది. సాంకేతిక సంస్థ అనగానే అంతా కంప్యూటర్ పనే అనుకోరాదు. గోదాములో సరుకు దించుకోవడం, అరల్లో సర్దడం, ఆర్డరు ప్రకారం ఏరి ప్యాక్ చేయడం, లారీ ఎక్కించడం వేళకు జరిగేలా చూసేవాడే ఆపరేషన్స్ మేనేజర్. అతని కింద ఏరియా మేనేజర్లు, వారి కింద పెద్ద సంఖ్యలో కార్మికులు ఉంటారు. పండుగల అమ్మకాల్లో పని ఒక్కసారిగా పెరుగుతుంది. ఎవరికీ దెబ్బ తగలకుండా చూసే బాధ్యతా అతనిదే.

ఇంటర్వ్యూ సాధారణంగా ఫోనుతో మొదలవుతుంది. ఆ తర్వాత పలువురు వేర్వేరుగా, ఒక్కొక్కరు దాదాపు గంటసేపు ప్రశ్నిస్తారు. వారిలో ‘బార్ రైజర్’ అనే వ్యక్తి ఆ విభాగానికి చెందనివాడు. ఖాళీ త్వరగా నింపాలన్న తొందర అతనికి ఉండదు కనుక నిష్పక్షపాతంగా తూచగలడు. సంస్థకు 16 నాయకత్వ సూత్రాలున్నాయి. చివరి రెండింటిని 2021లో చేర్చారు. ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ‘మీ పై అధికారితో విభేదించిన సందర్భం చెప్పండి’, ‘మీరు విఫలమైన సందర్భం చెప్పండి’ అని అడుగుతారు.

ఇక్కడే మనవాళ్లు తడబడతారు. ‘నేను చేశాను’ అనడం గర్వమని మన ఇళ్లలో పెద్దలు నేర్పారు. ఉర్దూలో దీన్నే ఇంకిసారీ అంటాం. అది మంచి గుణమే, సందేహం లేదు. కాని ‘మేమంతా కష్టపడి సరిచేశాం’ అని ఊరుకుంటే, ఎదుటి వ్యక్తి తన కాగితం మీద మీ గురించి ఏం రాసుకోగలడు?

ఒక మందుల గోదాము ఉందనుకుందాం. సాయంత్రం లారీలు ఆలస్యంగా బయలుదేరుతున్నాయి. జవాబు ఇలా ఉండాలి: ‘రోజుకు 40 లారీల్లో 12 ఆలస్యమయ్యేవి. దాన్ని తగ్గించే బాధ్యత నాకు అప్పగించారు. మూడు రోజులు గేటు దగ్గర నిలబడి వేళలు రాసుకున్నాను. బిల్లులు తయారు కాకపోవడమే కారణమని తేలింది. బిల్లుల పని రెండు గంటలు ముందుగా మొదలుపెట్టేలా అకౌంట్స్ వారిని ఒప్పించాను. నెల తిరిగేసరికి ఆలస్యమయ్యేవి మూడే.’ పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం - నాలుగూ ఇందులో ఉన్నాయి. తోటివారి కష్టాన్నీ చెప్పవచ్చు. కాని మీ వంతు ఏదో విడిగా కనిపించాలి.

దీనికి వ్యతిరేకమైన తప్పు మరొకటి ఉంది. కొందరు చేయని పనిని చేసినట్టు కథ అల్లుకుని వెళతారు. ‘ఆ లెక్క ఎక్కడి నుంచి తీశారు? మొదట ఎవరు ఒప్పుకోలేదు?’ అని తవ్వుతూ పోతే అల్లిన కథ రెండో మూడో ప్రశ్నకే కూలిపోతుంది. అలాగే, తనకు వైఫల్యమే తెలియదన్నవాణ్ణి ఎవరూ నమ్మరు. పొరపాటు చెప్పి, దాన్ని ఎలా దిద్దుకున్నదీ చెప్పాలి.

కనుక ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన అబ్బాయి గాని అమ్మాయి గాని ఒక నోటుపుస్తకంలో తమ పనిలో జరిగిన ఏడెనిమిది సంఘటనలు అంకెలతో సహా రాసుకోవాలి. వాటిని ఇంట్లో అబ్బాకో అమ్మీకో పైకి చెప్పి వినిపించాలి. వినేవారికి ఇంగ్లీషు రానక్కరలేదు. ‘మేము’ అన్న ప్రతిసారీ ‘అందులో నువ్వేం చేశావు బేటా?’ అని అడిగితే చాలు. చేసిన పనికి తానే సాక్ష్యం చెప్పడం గర్వం కాదని మన పిల్లలకు ఇంట్లోనే తెలియజెప్పాలి.