చీకటికి సాక్షి

మన పల్లెలలో కృత్తికలను పిల్లలకోడి అనియు, మృగశిర చెంతనున్న మూడు చుక్కల వరుసను గొల్లకావడి అనియు పిలిచే వృద్ధులు నేటికిని ఉన్నారు. గడియారములు లేని కాలమున రైతు ఈ చుక్కల జాడను బట్టియే రాత్రి ఎంత గడచినదో తెలుసుకొనేవాడు. అట్టి ఆకాశమును చిత్రములో నిలుపవలెనన్న కోరిక ఫొటోగ్రఫీ పుట్టిన కొలదికాలమునకే కలిగినది. 1850లో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో అభిజిత్ నక్షత్రమును తొలిసారి ఫొటో తీసినారు.

మన కన్ను వెలుతురును కూడబెట్టలేదు. సెకండులో ఏ పదోవంతు కాలములోనో అందిన కాంతితో దృశ్యమును కల్పించుకొని, మరుక్షణమే దానిని విడిచిపెడుతుంది. కెమెరా అట్లుగాదు. ద్వారము తెరచియున్నంతసేపు తనపై బడిన వెలుగునంతటిని, చీమ గింజలు చేర్చినట్లు, చేర్చుకొంటూనే ఉంటుంది. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అను అమెరికను వైద్యుడు మృగశిర ప్రాంతమందలి మహానీహారికను 51 నిమిషములపాటు చిత్రించినాడు. నీహారికకు అదియే తొలి ఫొటో. 1883లో ఇంగ్లండున కామన్ తీసిన చిత్రములోనైతే, దూరదర్శినిలో చూచినను కంటికందని నక్షత్రములు సైతము ప్రత్యక్షమైనవి.

ఈ విద్యకు నేడు వేధశాలయే అక్కరలేదు. అమావాస్యనాటి రాత్రి ఊరికి దూరముగా పొలముగట్టున కదలని ముక్కాలిపీటపై కెమెరాను నిలిపిన చాలును. చుక్కలు చుక్కలుగానే రావలెనన్న, 500ను కటకపు నాభ్యంతరముచే భాగించి, వచ్చినన్ని సెకండ్లు మాత్రమే ద్వారము తెరువవలెనని ఒక మోటులెక్క కలదు. నాభ్యంతరము 25 మిల్లీమీటర్లైన 20 సెకండ్లు. అంతకు మించినచో భూభ్రమణము వలన చుక్క గీతగా సాగుతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, రెండు గంటలు తెరచియుంచిన ప్రతి నక్షత్రమును ధ్రువుని చుట్టు 30 డిగ్రీల చాపమును గీస్తుంది. చాపమును కొలిచి కాలమును చెప్పవచ్చును. ధ్రువనక్షత్రము దిగంతముపై ఎంత ఎత్తున నిలిచినదో, ఆ ఊరి అక్షాంశము దాదాపు అంతయే: హైదరాబాదున సుమారు 17 డిగ్రీలు, తిరుపతిలో 14కు కొంచెము తక్కువ. భూగోళ పాఠమునకు ఇంతకంటె మంచి పటము దొరకునా?

అయితే కెమెరాకు పక్షపాతము లేదు. చుక్క వెలుగును ఎట్లు చేర్చుకొనునో, వీధిదీపపు వెలుగును అట్లే చేర్చుకొంటుంది. ఆకాశమువైపు పోయిన దీపకాంతి గాలిలోను ధూళిలోను చెదరి తిరిగి క్రిందికి వస్తుంది. కంటికి నల్లగా తోచిన ఆకాశము అరనిమిషపు చిత్రములో పసుపుపొరగా తేలుతుంది. కావుననే దీర్ఘకాల చిత్రము నక్షత్రములకేగాక చీకటికి కూడ సాక్షి. ఒక చోట నిజముగా చీకటి ఎంత మిగిలియున్నదో అది దాచకుండ చెబుతుంది.

ఆ సాక్ష్యపు విలువ హైదరాబాదుకు అనుభవమే. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారి, ప్రపంచ వేధశాలలు కలిసి తలపెట్టిన ఆకాశపట నిర్మాణములో పాలుపంచుకొన్నది. ఖగోళమున దక్షిణముగా 17 నుండి 23 డిగ్రీల వరకుగల మేఖల దాని వంతు. రాత్రుల తరబడి ఫొటో పలకలపై చిక్కిన లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచి సంపుటములుగా ప్రకటించినారు. నగరము పెరిగి దీపములు హెచ్చగా, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయము 48 అంగుళముల కొత్త దూరదర్శినిని సుమారు 50 కిలోమీటర్ల దూరమున, జపాల, రంగాపురము గ్రామముల చెంత నిలిపినది. శాస్త్రజ్ఞులు చీకటిని వెదకుకొంటూ పల్లెకు పోయినారు. తరువాతి దశాబ్దములలో నగరపు వెలుగు ఆ దిక్కునకు కూడ ప్రాకినది.

దీపము వలదని ఎవ్వరును అనరు. చీకటిలో చదువుకొన్న తరములవారికి దీపము విలువ తెలియును. కాని దీపము నేలకొరకే గాని ఆకాశము కొరకు గాదు. పైన మూతవేసి కాంతిని క్రిందికి మళ్ళించిన, దారియు కనబడును, చుక్కలును మిగులును. లడఖ్‌లోని హాన్లే వేధశాల పరిసరములను 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతముగా ప్రకటించినప్పుడు అక్కడి గ్రామస్థులనే ఆ రక్షణలో భాగస్వాములను చేసినారు.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. ఒకే రాత్రి, ఒకే కెమెరాతో, ఒకే కొలతతో, 20 సెకండ్లపాటు బడి మేడమీదనుండి ఒక చిత్రము, ఊరి వెలుపలి పొలమునుండి మరియొకటి తీయవలెను. రెంటిలోను చుక్కలను లెక్కపెట్టి తేదీతో వ్రాసియుంచవలెను. ఏటేట అదే నెల అమావాస్యకు అదే పని చేసిన, పదేండ్లకు ఆ ఊరి చీకటికి ఒక చరిత్ర సిద్ధమగును. చుక్కలు తరిగినవని పుస్తకములో నొకరు లెక్క చూపిననాడు, వీధిలో ఏ దీపమునకు మూత లేదో వెదకుట పంచాయతీవారికి కష్టము కాబోదు.