దేహములోని వేడిమిని కొలుచు విధము

కొందఱు వృద్ధులకు చేయి వణకుట మీరు చూచియే యుందురు. నీళ్లచెంబు నోటివఱకు వచ్చునప్పటికి సగము ఒలికిపోవును, సంతకము కుదురదు. కంపవాతము వేఱు; చేయి పనికి పూనుకొన్నప్పుడు వణకు ఈ వ్యాధి వేఱు. ఇది మందులకు లొంగనిచో, తల కోయకుండ మెదడులో వేడి పుట్టించి చేయు చికిత్స యొకటి కలదు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు 2016లో దీని కనుమతి నిచ్చిరి.

భూతద్దము ఎండను ఒక చుక్కగా కూర్చి దూదిని అంటించును గదా! ఇచటను అట్లే, 1,024 చిన్న పలకలుగల టోపీవంటి యంత్రమునుండి చెవికి వినరాని శబ్దతరంగములు బయలుదేఱి మెదడు నడుమ ఒక్కచోట కలియును. త్రోవలో ఏ యొక్క తరంగమునకును కాల్చు బలము లేదు. కలిసినచోటనే వేడి పుట్టును.

వేడి పుట్టించుట కొత్త సంగతి కాదు. 1942లోనే జంతువులపై దీనిని చేసి చూచిరి. కష్టమంతయు ఆ వేడి యెచట పడినది, ఎంత యెక్కినది తెలిసికొనుటలోనే యున్నది. బెల్లము వండువాడు పాకమును నీటిలో వేసి చూచును. కమ్మరి ఇనుము రంగును చూచును. మెదడులో ఏమి చూడగలము? కాల్చవలసిన చోటు ప్రక్కనే కాలుసేతుల నాడించు నరములు పోవుచున్నవి. వేడి రెండుమూడు మిల్లీమీటర్లు ప్రక్కకు తప్పిన, వణకు పోవుటకు బదులు చేయి పడిపోవచ్చును. కొలుచుటకు సూది గ్రుచ్చుదమా, కోయకుండ చేయుటలోని మేలే పోవును.

అందుచేత శాస్త్రజ్ఞులు దేహములోని నీటినే ఉష్ణమాపకముగా చేసికొనిరి. రోగిని పెద్ద అయస్కాంతముగల ఎమ్.ఆర్.ఐ. యంత్రములో పరుండబెట్టుదురు. అందు నీటిలోని ఉదజని కణములు బొంగరములవలె ఒక నియమిత వేగముతో తిరుగుచుండును. నీరు ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కిన, ఆ వేగము పదికోట్లలో ఒక వంతు తగ్గును. ఇంతటి స్వల్పభేదమును యంత్రము పట్టుకొని, కొన్ని క్షణముల కొకసారి బొమ్మగా చూపును. అయితే అది తెలుపునది మార్పును మాత్రమే. దేహపు సహజమైన 37 డిగ్రీలను దానికి కలుపుకొనవలెను. తల కదలిన లెక్క తప్పును గనుక, తలను చట్రములో బిగించుదురు.

మొదట 40, 45 డిగ్రీలకు మించనీయక వేడి చేసి, చుక్క సరియైనచోట పడినదా యని చూచి, తప్పినచో జరుపుదురు. పిదప 50 దరిదాపులకు తెచ్చి, మేలుకొనియే యున్న రోగిచేత చుట్టలు చుట్టలుగా గీతలు గీయింతురు. వణకు తగ్గినదా? మూతి తిమ్మిరెక్కినదా? ఈ మాత్రపు వేడివలన కలిగిన మార్పు సాధారణముగా చల్లారగానే పోవును. అన్నియు కుదిరిన పిమ్మటనే 55 దాటించి, ఆ చోటును శాశ్వతముగా మాడ్చుదురు.

ఇచట ఒక చిక్కు కలదు. 43 డిగ్రీలవద్ద 240 నిమిషములు పట్టు పని, ఆపైన డిగ్రీ యొక్కింటికి సగము కాలములో ముగియునని వైద్యుల లెక్క. ఆ ప్రకారము 56వద్ద రెండు సెకండ్లైన పట్టదు. బొమ్మ వచ్చుట కంతకంటె ఆలస్యమగును. కావున వైద్యుడు వచ్చిన బొమ్మను చూచుటయే గాక రాబోవు వేడిని ముందే యెంచవలెను. కొంచెము కొంచెముగా ఎక్కించుట ఇందుకే. రోగిచేతిలోను యంత్రము నాపు మీట యొకటి యుంచుదురు.

క్రొవ్వు విషయములో ఈ కొలత పనికిరాదు. పుఱ్ఱె యెముక వేడియు ఇందు కానరాదు. అందుకే తలకును టోపీకిని నడుమ చల్లని నీరు పాఱించుచు, మధ్యమధ్య ఆగి చల్లారనిత్తురు. కొందఱి పుఱ్ఱె శబ్దమును మిక్కిలిగా అడ్డగించుటచే కావలసిన వేడి లోపలికి చేరదు. ముందుగానే సి.టి. చిత్రము తీసి, అట్టివారికి ఈ చికిత్స తగదని చెప్పివేయుదురు.