లోకుల తీరు చదివినందున ఏమి ఫలము?

నాయుడుపేట ప్రాంతపు గ్రామములలో పెద్దలు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "మా మనుమరాలు ఇంజనీరింగు వలదని, సమాజశాస్త్రమో మానవశాస్త్రమో చరిత్రయో చదివెదనని పట్టుపట్టినది. నానాజాతుల తీరుతెన్నులు, ప్రపంచపు చిక్కులు తెలిసికొని ఆ పిల్ల ఏమి చేయునయ్యా? ఆ చదువు కూడు పెట్టునా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. అప్పుచేసి ఫీజు కట్టువారు ఫలమడుగుట తప్పుగాదు. కావున ఆ చదువు ఎట్టిదో, దానివలన ఏమి కలుగునో ఈ ప్రసంగమున విన్నవించెదను.

మొదట మన యింటి మాటనే తీసికొందము. మేనత్తను మనము అత్త యందుము. ఆలి తల్లిని గూడ అత్త యనియే యందుము. మేనమామయు మామయే, పిల్లనిచ్చినవాడును మామయే. తండ్రి అన్నదమ్ములు మాత్రము పెదనాయన, చిన్నాయన. తల్లి అక్కచెల్లెండ్రు పెద్దమ్మ, పిన్నమ్మ. వారి బిడ్డలు మనకు తోబుట్టువులు; మేనత్త మేనమామల బిడ్డలు వావి కుదిరినవారు. ఇది మనకు గాలివలె సహజము. కాని ఉత్తరహిందూస్థానమున పెక్కు కులములలో మేనరికము తోబుట్టువును పెండ్లాడుటతో సమానమైన పాపము. మనలను చూచి వారును, వారిని చూచి మనమును ముక్కుపై వ్రేలు వేసికొందుము.

అమెరికా దేశపు న్యాయవాది లూయీ హెన్రీ మోర్గాన్ దేశదేశముల చుట్టరికపు పిలుపులను పట్టికలుగా కూర్చి 1871లో ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. అందు అమెరికా ఆదిమజాతులలోని సెనెకా జనుల పిలుపులతోపాటు మన తెలుగు, తమిళ పిలుపులును కలవు. సెనెకాలును తండ్రి సోదరుని తండ్రి యనియు, తల్లి సోదరిని తల్లి యనియు పిలుతురు. ఈ పోలికను బట్టి ఆ జాతులు ఆసియాఖండమునుండి పోయినట్లు రుజువైనదని ఆయన తలచెను. కాని సెనెకాలకు మనవలె మేనరికపు ఆచారము లేదు. పిలుపుల పోలిక యొక్కటియే వంశమునకు సాక్ష్యము కాజాలదని తరువాతి పండితులు సరిదిద్దిరి. విశ్వవిద్యాలయమున నేర్పునది ఇదియే: పోల్చుట, పోలికను శంకించుట, మరల పరీక్షించుట.

ఇందు మన ఆచారమును మెచ్చుకొనుట మాత్రమే యున్నదని తలపవలదు. ఆస్తి చీలకుండుటకా, పిల్ల తెలిసిన యింట సుఖపడుటకా మేనరికము నిలిచినదని విద్యార్థి అడుగును. దగ్గరి రక్తసంబంధమువారికి పుట్టిన బిడ్డలలో కొన్ని పుట్టురోగములు కొంత హెచ్చుగా కానవచ్చునని వైద్యులు చెప్పుమాటను గూడ దాచక వ్రాయును. కారణమును వెదకుట, నష్టమును దాచకుండుట ఈ విద్యకు రెండు కన్నులు.

రెండవ నిదర్శనము బాధాకరమైనది. ఎరుకలవారు మనకు క్రొత్తవారు గారు. బుట్టలల్లుదురు, సోది చెప్పుదురు. తమలో తాము తమిళమునకు దగ్గరియైన భాషను మాటలాడుకొందురు. పూర్వము వారిలో అనేకులు సముద్రతీరపు ఉప్పును పశువులపై మెట్టసీమలకు చేర్చి, ధాన్యమునకు మార్చుకొని వచ్చెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున రైలుబండ్లు ఉప్పును మోయసాగెను. దొరతనమువారి ఉప్పు కట్టుబాట్లు బిగిసెను. ఆ బేరము కూలెను. తిరుగుటయే బ్రతుకుగా గలవారు బేరము లేక తిరుగుచుండగా, అధికారులు వారిని పుట్టుదొంగలని ముద్రవేసిరి. 1871లో ఉత్తరదేశమునకై పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికిని వచ్చెను. దాని పట్టీలోనికి ఎక్కినవాడు తాను ఏ నేరము చేయకున్నను వ్రేలిముద్రలిచ్చి, అధికారి యెదుట హాజరు చెప్పుకొనవలసివచ్చెను. కావలియందును, బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురమునందును వారికై సెటిల్మెంట్లు వెలసెను.

ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని ఊరి నోట ఆ ముద్ర చెరిగినదా? రాత్రి ఎవరి కొట్టములోనైనను దొంగతనము జరిగినచో తెల్లవారి మన చూపు మొదట ఎవరి గుడిసెపైకి పోవునో మన మనస్సునే అడుగుకొందము. చరిత్ర చదివిన విద్యార్థి పోలీసు దస్తరమును మాత్రమే నమ్మడు. ఉప్పు, రైలు కాగితములను దానితో పోల్చి చూచును; ఎరుకల వృద్ధుల మాట వారి నోటనే వినును. అప్పుడు దొంగజాతి యనుకొన్నచోట బేరము పోగొట్టుకొన్న జాతి కానవచ్చును. ఇట్టి తీర్పు మార్పునకు పంచాయతీలో కూర్చుండు పెద్దలకంటె ఎవరికి ఎక్కువ అవసరము?

ఇక ప్రపంచ సమస్యలు. ఇవి మన పొలిమేరకు ఆవల నున్నవని తలంతుము. పటములలో పులికాటని కానవచ్చు మన ప్రళయకావేరికి 1610లో డచ్చివారు వచ్చి కాలూనిరి. ఈ తీరపు బట్టలను కొని, తూర్పుదీవులలో లవంగములకును జాజికాయలకును మార్చుకొనిరి. నాడు మన నేతగాని మగ్గపు ఆట సముద్రముల కావలి గిరాకిపై ఆధారపడెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండులోని లంకషైరు మిల్లుల నూలు, గుడ్డ దిగగా, రాట్నము త్రిప్పు స్త్రీల కూడు పోయెను. నేడు విదేశములకు సరకు పంపుటకై వెలసిన మేనకూరు ఆర్థిక మండలిలో పనిచేయు యువకుని జీతమును దూరపు గిరాకిపైననే నిలిచియున్నది. ఎచ్చటి గాలి వీచి మన దీపమారినదో తెలియకున్నచో, ప్రక్కవానిని నిందించుటయే మిగులును.

ఈ విద్యకు మన సీమనుండియే గొప్ప యుదాహరణము కలదు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణియందు జన్మించెను. ఆ ఊరు 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిది. తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో కొంతకాలము చదివెను. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో ఉపాధ్యాయులు హిందూమతమును ఆక్షేపించుచుండగా, అలిగి ఊరకుండక, వారి మాటలో సత్యమెంతయో విచారింపబూని, వేదాంతనీతిని గూర్చి వ్యాసము వ్రాసెను. అది 1908లో అచ్చయ్యెను. అదే మార్గమున నడచి 1936 మొదలు 1952 వరకు ఆక్సుఫర్డున ప్రాచ్యమతములను, నీతిశాస్త్రమును బోధించెను. ఎదుటివాని ఆక్షేపణను చదువుగా మార్చుకొనుట యనగా ఇట్టిది.

ఇట్టి చదువునకు నేడు సముద్రములు దాటనక్కరలేదు. నాయుడుపేటనుండి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. అచ్చట 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, స్త్రీలకై 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును స్థాపింపబడినవి. కొలువు మాట అడుగుదురేని, ఇంజనీరింగువలె ఇది పట్టా చేతికి రాగానే కంపెనీ కొలువు చూపునని నేను చెప్పజాలను. అయినను సివిల్ సర్వీసు పరీక్షలలో సమాజశాస్త్రము, మానవశాస్త్రము ఎంచుకొనదగిన విషయములు. ఉపాధ్యాయవృత్తికి, న్యాయవాదవృత్తికి, పత్రికారచనకు ఇది గట్టి పునాది. మనుష్యులను తెలిసిన అధికారి ఊరికి వచ్చుటకును, కాగితమును మాత్రమే తెలిసినవాడు వచ్చుటకును గల భేదమును మీరు ఎరుగనివారు గారు.

కావున పెద్దలకు రెండు మనవులు. పిల్లయే గాని పిల్లవాడే గాని ఈ చదువు కోరినచో, అది చేతగానివారి చదువని వెనుకకు లాగకుడు. రెండవది: విద్యార్థి యెవరైన పుస్తకము చేతబట్టి మీ అరుగు ఎక్కి, మీ కులపు కట్టుబాట్లు, పాత కరవులు, వలసలు, తగవులు అడిగినప్పుడు, ఊరి గొప్ప మాత్రమే చెప్పి పంపకుడు, జరిగినది జరిగినట్లు చెప్పుడు. ఆపై ఊరి చివరి గుడిసెల దారియు చూపుడు. మీ మాట యొకటియు వారి మాట యొకటియు ప్రక్కప్రక్కన వ్రాసినప్పుడే మన ఊరి కథ పూర్తియగును.