ఆలుమగల మధ్య ఒక్క అక్షరం

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. ఊరి మాట అలా వుంచి, ముందు యింటి సంగతి చూద్దాం. కొత్త చుట్టంతో ఆచి తూచి మాట్లాడతాం. పై అధికారి ముందు నాలుగుసార్లు ఆలోచించి గాని నోరు విప్పం. జీవితమంతా కలిసి బతకవలసిన మనిషి దగ్గర మాత్రం, "మనలో మనకు మర్యాదలేమిటి?" అని నోటికి వచ్చింది అనేస్తాం.

తెలుగులో తగవు రావడానికి తిట్టే అక్కరలేదు. ఒక్క అక్షరం చాలు. భోజనాల దగ్గర భర్త "కూర బాగుంది" అన్నాడనుకోండి, భార్య మొహం వికసిస్తుంది. "ఈవేళ కూర బాగుంది" అన్నాడో, నిన్నటిదాకా బాగాలేదన్నమాట! "కూరే బాగుంది" అంటే పప్పూ పులుసూ పోయినట్టే. ఆమె సంగతీ అంతే. "ఉప్పు తెచ్చారా?" అన్నది వట్టి ప్రశ్న. "ఉప్పయినా తెచ్చారా?" అంటే అందులో ఆయన యిదివరకు మరచిపోయిన సరుకులన్నీ వినిపిస్తాయి.

మన భాషలో మరో సొగసు వున్నది. వినేవారిని కలుపుకుంటే 'మనం', విడిగా వుంచితే 'మేము'. ఇంగ్లీషులో యీ రెంటికీ ఒకటే మాట. పెళ్ళయి యిరవయ్యేళ్ళయినా "మా యింట్లో యిలా చెయ్యరు" అంటూంటే, ఎదుటి మనిషిని యింకా గుమ్మం బయటే నిలబెట్టినట్టు. ఇక "మీవాళ్ళు" అన్నామా, రెండు వంశాలూ పోట్లాటలోకి దిగుతాయి.

"ఎప్పుడూ ఆలస్యమే" అనగానే, ఎదుటివారు తాము వేళకు వచ్చిన రోజు వెదికి చూపిస్తారు. "ఈవేళ ఆలస్యమైంది, నాకు దిగులేసింది" అంటే వాదానికి చోటుండదు.

నంది తిమ్మన పారిజాతాపహరణంలో, నారదుడు తెచ్చిన పువ్వును రుక్మిణికి యిచ్చాడని సత్యభామ అలిగింది. బతిమాలవచ్చిన కృష్ణుడి తల తన్నింది. తప్పెవరిదని ఆయన విచారణ పెట్టలేదు. ఆమె పాదం నొచ్చిందేమోనని బాధపడ్డాడు. అంత నేర్పు మనకు లేకపోయినా, విచారణ మానుకోవడం చేతనవును గదా!

మాట తూచడమంటే మనసులోది మింగెయ్యడం కాదు. ఓర్పంతా ఆడదే వహించాలని చాలాకాలం చెబుతూ వచ్చారు. ఇద్దరున్న యింట్లో ఒక నోటికే తాళం వేస్తే, అది శాంతి కాదు, భయం. తూకం యిద్దరికీ ఒకటే.

రేపు భోజనాల దగ్గర "కూర బాగుంది" అని చూడండి. అది నిజమైతేనే సుమా! ఆపైన ఒక్క అక్షరం చేర్చకండి.