బొలేరోనా, దోస్తా? - పికప్ స్టాండులో తెగని పంచాయితీ

మదనపల్లె: టమోటా మార్కెట్ యార్డు వద్ద తెల్లవారకముందే పికప్ వాహనాలు బారులు తీరుతాయి. పల్లెల నుంచి తెచ్చిన క్రేట్లు మండీలో దించాక, తిరుగు బాడుగ దొరికేదాకా డ్రైవర్లకు, ఓనర్లకు తీరికే తీరిక. టీ బంకు దగ్గర నలుగురు చేరితే చాలు, టమోటా ధర ముచ్చట రెండు నిముషాల్లో ముగిసి మాట బండ్ల మీదికి మళ్లుతుంది. మహీంద్రా బొలేరో పికప్ వారిది ఒక పక్షం, అశోక్ లేలాండ్ దోస్త్ వారిది ఇంకో పక్షం. టాటా ఏస్ వారు మూడో పక్షం. రాజకీయ పార్టీనైనా మారుస్తారేమో గాని బండి కంపెనీ మార్చనివారు ఇక్కడ కోకొల్లలు. తండ్రి టాటా లారీ మీద క్లీనరుగా చేరి ఓనరైన ఇంట కొడుకు కూడా టాటా తప్ప మరొకటి కొనడు.

వాదన ఎక్కడ మొదలైనా చివరకు "అసలు ఇంజను ఎవరిది?" అన్నచోట ఆగుతుంది. అక్కడి నుంచి పుక్కిటి పురాణమే.

టాటా బండిలో ఉన్నది బెంజి ఇంజనేనని నేటికీ నమ్మే పెద్దలున్నారు. జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో టాటాలు లారీల తయారీ మొదలుపెట్టింది 1954లో. ముందుభాగాన మూడు కొనల నక్షత్రం మెరిసే ఆ లారీలను చూసినవారు మరిచిపోలేరు. కాని ఆ ఒప్పందం 1969తోనే ముగిసిపోయింది. ఆ తరువాత 1993లో అమెరికాకు చెందిన కమిన్స్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో ఇంజన్ల కంపెనీ పెట్టారు. ఇక 2005లో వచ్చిన టాటా ఏస్, రెండు సిలిండర్ల చిన్న డీసెల్ ఇంజనుతో ముప్పాతిక టన్ను మోయడానికి తయారైన బండి. దానికీ బెంజికీ చుట్టరికం కలపడం అభిమానం తప్ప మరొకటి కాదు.

మహీంద్రా సంగతి మరీ విచిత్రం. 1945లో కంపెనీ పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశ విభజనతో భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి, తరువాత గవర్నర్ జనరల్ కూడా అయినారు. ఇక్కడ మిగిలినవారు 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మార్చుకున్నారు. మొదట బిగించినవి అమెరికా విల్లీస్ జీపులు. తరువాత జీపులకు డీసెల్ ఇంజన్లు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో లైసెన్సుతో తయారయ్యాయి. "మాది పూర్తిగా స్వదేశీ" అని బొలేరో వారు బల్ల గుద్దేటప్పుడు ఈ కథ గుర్తు చేసేవారు స్టాండులో అరుదు.

లేలాండ్ పేరు ఇంగ్లండుదే. కాని బ్రిటిషు వారి వాటా 1987లోనే హిందూజాల వైపు వచ్చింది. 2011లో రోడ్డెక్కిన దోస్త్‌ను జపాను నిస్సాన్‌తో కలిసి తెచ్చారు. 2016లో నిస్సాన్ వాటాను లేలాండే కొనేసింది. అయినా "లోపల నిస్సాన్ ఉంది" అన్న మాట స్టాండులో ఇంకా చలామణీ అవుతూనే ఉంది. నిస్సాన్ తెలుగునేలకు కొత్త కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. ఆ ఫ్యాక్టరీ తరువాత ఎవరి చేతికి వెళ్లిందనుకున్నారు? మహీంద్రా వారికే!

ఇటు సత్యవేడు దాపున శ్రీసిటీలో 2016 నుంచి డి-మాక్స్ పికప్‌లు తయారు చేస్తున్న జపాను కంపెనీ ఇసుజు గురించి కూడా ఇలాంటి ప్రచారమే ఉంది. అది అమెరికా జనరల్ మోటార్స్ వారిదని కొందరి నమ్మకం. ఒకప్పుడు వారికి పెద్ద వాటా ఉన్నమాట నిజమే. కాని మిగిలిన వాటా అంతా 2006లోనే అమ్మేశారు. ఈ జబ్బు అమెరికావారికీ ఉండటం విశేషం. డాడ్జ్ పికప్‌కు 1989 నుంచి కమిన్స్ డీసెల్ ఇంజను వస్తుండగా, 1990లో ఫోర్డ్ కమిన్స్‌లో కొంత వాటా కొన్నది. అది వదులుకున్న తరువాత కూడా "కమిన్స్ ఫోర్డ్‌దే" అన్న వాదు ఆగలేదు.

కబుర్లతో పొద్దుపోతే పోనీ గాని, జేబుకు చిల్లుపెట్టే నమ్మకాలు వేరే ఉన్నాయి. "మా బండి ఎంత వేసినా లాగుతుంది" అన్నది వాటిలో మొదటిది. కమాను కట్టలకు అదనంగా ఒక పట్టీ వేయించి, సీజనులో క్రేట్ల మీద క్రేట్లు పేర్చడం పరిపాటి. పట్టీ వేస్తే బండి కుంగదు, అంతే. యాక్సిల్, బ్రేకులు, టైర్లు పాతవే కదా! ఆర్.సి.లో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మోయదగిన సరుకు. అది మించితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా ఓనరుదే. ఒక్క జరిమానాతో ఎన్ని ట్రిప్పుల బాడుగ పోతుందో లెక్క వేసుకోవచ్చు.

భాకరాపేట ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీసెల్ మిగులుతుందన్నది మరొకటి. నేటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే డీసెల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను తాగుతూ ఉంటుంది. మిగిలేది లేదు సరికదా, బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కొత్త బండ్లలో సెన్సార్ల గొడవ ఎక్కువని ఎదుటి కంపెనీని తిట్టేవారు, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 నిబంధన అన్ని కంపెనీలకూ ఒకటేనన్న సంగతి మరుస్తున్నారు.

ఇంతకూ బండి ఎవరిది? కంతుల మీద కొన్న బండి ఆర్.సి.లో ఓనరు పేరుతోపాటు అప్పిచ్చిన ఫైనాన్స్ సంస్థ పేరు కూడా ఉంటుంది. ఆఖరు కంతు కట్టగానే ఆ పేరు దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఫైనాన్స్ వారి నుంచి నిరభ్యంతర పత్రం, వారు సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. ఏళ్ల తరబడి ఊరుకుని, బేరం కుదిరిననాడు పరుగెడితే, ఈలోగా ఆ ఫైనాన్స్ సంస్థే చేతులు మారి ఉంటే, కొనేవాడు అడ్వాన్సు వాపసు అడుగుతాడు.