మట్టిగోడల మీద సుధనుడి యాత్ర

హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దును ఆనుకొని ఉన్న స్పితి లోయ నేడు భారతదేశంలో భాగమైనా, భాషలోనూ మతంలోనూ జీవనరీతిలోనూ అది పశ్చిమ టిబెట్‌కే సన్నిహితం. పర్వతశ్రేణులు ఋతుపవన మేఘాలను అడ్డగించడం వల్ల వాన అరుదుగా కురిసే ఈ శీతల ఎడారిలో ఇళ్లనూ ఆలయాలనూ మట్టితోనే కట్టారు. వెయ్యేళ్లనాటి వర్ణచిత్రాలు చెక్కుచెదరకపోవడానికి ఈ పొడి వాతావరణమే ముఖ్యకారణం.

ఆ ఆలయాలలో అగ్రగణ్యమైనది సుమారు 3,280 మీటర్ల ఎత్తున, నది ఒడ్డున ఉన్న తబో గోంపా, అంటే బౌద్ధ విహారం. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యాన్నేలిన యేషే ఓద్ క్రీ.శ. 996లో దీనిని నెలకొల్పగా, 46 ఏళ్ల తర్వాత అదే వంశపు జాంగ్‌చుబ్ ఓద్ పునరుద్ధరించినట్లు అక్కడి శాసనం తెలుపుతోంది. బయటినుంచి చూస్తే ఏ అలంకారమూ లేని మట్టిగోడలే. లోపల దుఖాంగ్ అనే సమావేశ మందిరంలో మాత్రం, మసక వెలుతురులో, నిలువెత్తు మట్టి ప్రతిమలు గోడల నుంచి ముందుకు వచ్చి కూర్చున్నట్లు కనిపిస్తాయి. మధ్యలో నాలుగు దిక్కులకూ చూసే వైరోచనుడు, చుట్టూ 32 దేవతామూర్తులు కలిసి వజ్రధాతు మండలాన్ని, అనగా బుద్ధలోకపు ధ్యాన రేఖాచిత్రాన్ని, ఏర్పరుస్తారు కనుక ఆ మందిరంలో అడుగుపెట్టినవారు మండలంలోనే అడుగుపెట్టినట్లు.

ఆ ప్రతిమల కింది గోడపై గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలోని సుధనుడి కథ చిత్రితమై ఉంది. బోధిసత్త్వుడైన మంజుశ్రీ బోధతో బయలుదేరిన ఈ శ్రేష్ఠిపుత్రుడు భిక్షువులనూ రాజులనూ మాత్రమే కాక నావికుణ్ణీ సుగంధద్రవ్యాల వర్తకుణ్ణీ గణికనూ సైతం కల్యాణమిత్రులుగా, అంటే ధర్మమార్గం చూపే గురువులుగా, ఆశ్రయిస్తాడు. అతని స్వస్థలంగా సూత్రం పేర్కొన్న దక్షిణాపథంలోని ధన్యాకరం మన అమరావతి సమీపంలోని ధాన్యకటకమేనని పలువురు పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, కృష్ణాతీరంలో మొదలైన యాత్ర హిమాలయాల ఆవల ఈ గోడ మీదికి చేరిందన్నమాట. తెలుగు యాత్రికులకు తబోలో ఇంతకుమించి చూడదగినది లేదు.

కొండశిఖరాన మెట్లు మెట్లుగా పేర్చినట్లున్న కీ గోంపా, స్పితి, పిన్ నదుల సంగమంపై వేలాడుతున్నట్లుండే ధన్‌కర్ గోంపా ఛాయాచిత్రాల వల్ల ఎక్కువ ప్రసిద్ధికెక్కాయి. అయితే గ్రామాలను చూడకుండా గోంపాలు అర్థం కావు. పరిమితమైన సాగుభూమి ముక్కలు కాకుండా పెద్దకొడుకుకే దక్కడం, చిన్నవారిలో కొందరు భిక్షువులు కావడం ఇక్కడి పాత ఆచారం. మంచు కరిగిన నీటిని కూల్ అనే సన్నని కాలువల ద్వారా బార్లీ, బఠానీ చేలకు మళ్లించి ఊరంతా పంచుకుంటుంది.

ఇంతటి సంపదకు పెద్ద ముప్పు వానే. మట్టికప్పు నానితే నీరు గోడల మీదుగా జారి రంగులను కడిగేస్తుంది. 1975 భూకంపానికి దెబ్బతిన్న తబో ఆలయాలను భారత పురావస్తు సర్వేక్షణ శాఖ సంరక్షిస్తున్నా, ఆ గోడలను చేత్తో తడమకుండా, లోపల ఫొటోలు తీయకుండా చూసి రావడం యాత్రికుల వంతు.