క్రిస్మస్ ఆల్బమ్‌లో యుద్ధం గొడవ ఎందుకొచ్చింది?

డిసెంబర్ వచ్చిందంటే మా రావికమతంలోనూ మైకులో క్రిస్మస్ పాటలు మొదలైపోతాయి. ఇవాళ మాత్రం ఒక అమెరికా ఆల్బమ్ గురించి చెప్తా. స్టీవీ వండర్ పాడిన ‘సమ్‌డే ఎట్ క్రిస్మస్’, 1967లో వచ్చింది.

ముందు, సోల్ అంటే ఏంటి? అమెరికాలో నల్లజాతివాళ్ల చర్చిల్లో పాడే గాస్పెల్‌కి రిథమ్ అండ్ బ్లూస్ బీటు కలిస్తే పుట్టిన పాట. గొంతు దాచుకోకుండా పాడతారు. కాబట్టి క్రిస్మస్ పాటంటే వీళ్లకి సొంతింటి పాటే.

అప్పటికి స్టీవీకి 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ చూపు లేదు, అయినా మోటౌన్ కంపెనీలో అప్పటికే స్టార్. ఆల్బమ్‌లో ‘సిల్వర్ బెల్స్’ లాంటి మామూలు పండగ పాటలూ ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. అసలు సంగతి టైటిల్ సాంగ్. రాన్ మిల్లర్, బ్రయాన్ వెల్స్ రాశారు.

అప్పుడు వియత్నాంలో అమెరికా సైనికులు దాదాపు 5 లక్షల మంది. స్టీవీ ఈడు కుర్రాళ్లు 18 నిండగానే డ్రాఫ్ట్‌లో పేరు రాయించుకోవాలి, అంటే యుద్ధానికి పిలుపు ఎప్పుడైనా రావచ్చు. అలాంటి టైమ్‌లో ఈ పాట యుద్ధం, ఆకలి లేని క్రిస్మస్ ఒకటి వస్తుందంటుంది. మనం చూస్తామో లేదో అని కూడా ఒప్పుకుంటుంది. నాకు నచ్చింది ఆ నిజాయితీయే.

2015లో ఒక యాపిల్ యాడ్‌లో ఆండ్రా డేతో కలిసి మళ్లీ ఇదే పాట పాడాడు. అప్పటికి ఆయనకి 65 ఏళ్లు.